గొడుగులా, కప్పులా?

"ఏవండీ, ఆ బొమ్మ తలకిందులుగా పెట్టారు."

నిచ్చెన మీదున్న మనిషి వెనక్కి తిరగలేదు. పెదాల మధ్య పట్టుకున్న మేకుల్ని తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"లేదండీ. సరిగ్గానే ఉంది."

"సరిగ్గా లేదు కనకే చెప్తున్నాను."

అప్పుడు తిరిగి చూశాడు. ఇద్దరూ ఒకరినొకరు చూడడం అదే మొదటిసారి. కానీ ఆ గొంతు ఆమెకు బాగా తెలుసు. కొన్ని వారాలుగా ఫోన్లో తనతో పోట్లాడుతున్న గొంతది. గ్యాలరీ ఆఫీసు నుంచి ఆమె ఒక్కో బొమ్మ కొలతా అడిగేది. ఫ్రేముల షాపు నుంచి అతను "రేపు చెప్తానండీ" అనేవాడు. ఆ రేపు కాస్తా ఎల్లుండి అయ్యేది. వినీ వినీ ఎవరో నడివయసు మనిషి అనుకుంది. తీరా చూస్తే తన ఈడువాడే. జుట్టు నిండా రంపప్పొట్టు. రోజూ అద్దంలో తనకు కనిపించే నలుపే అతని కళ్ల కింద కూడా ఉంది.

"లేబుళ్ల మేడమా?" అన్నాడు.

"ఫ్రేముల సారా?" అంది.

నవ్వాల్సిన చోటే. నవ్వడానికి ఇద్దరికీ ఓపిక లేకపోయింది.

ఊళ్లోనే ఉండి, ఊళ్లోనే బొమ్మలు వేసి కన్నుమూసిన చిత్రకారుల కోసం ఆ ఎగ్జిబిషన్. ఆదివారం ప్రారంభం. లేబుళ్లు రాయడం ఆమె పని. రాయడం తేలికే, అడగడమే కష్టం. పొద్దున్న లేస్తే ఎవరింటికో ఫోన్ చేసి, "మీ నాన్నగారు ఎప్పుడు పోయారండీ? మీవారు పుట్టిందెప్పుడండీ?" అని అడగాలి. అవతలివాళ్లు కొందరు ఏడ్చేవాళ్లు, కొందరు కసురుకునేవాళ్లు. ఒకావిడైతే, "పోయాక గుర్తొచ్చామా మీకు!" అని ఫోన్ పెట్టేసింది. సాయంత్రమయ్యేసరికి తన గొంతు తనకే పరాయిదానిలా వినిపించేది.

"చూడండి," అంది, గోడ దగ్గరికి నడిచి. "అవి గొడుగులు. వానలో జనం నడుస్తున్నారు. మీరేమో గొడుగుల్ని కిందా, జనాన్ని పైనా పెట్టారు."

"గొడుగులు కావండీ. కప్పులు."

"కప్పులా?"

"వరసగా కప్పులు. పైన పొగలు. వేడివేడిగా ఉన్నాయి కదా, పొగలొస్తున్నాయి."

ఆమె మెడ వంచి చూసింది. బూడిదరంగు మీద ఎరుపు, పసుపు, నీలం బొజ్జల్లాంటి ఆకారాలు. వాటి మీద పలచగా, చెరిపినట్టుగా పొడుగాటి మరకలు. కప్పులంటే కప్పులే. పొగలంటే పొగలే. మెడ ఇటు వంచితే మళ్లీ గొడుగులు.

"ఎవరు చెప్పారు మీకు కప్పులని?"

"ఎవరో చెప్పేదేమిటండీ. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను." అతను నిచ్చెన దిగాడు. "మా ఇంట్లోదే. మా నాన్నగారిది."

ఆమె నాలిక్కరుచుకుంది. ఇన్ని రోజులు అందరి తండ్రుల గురించీ అడిగింది. ఎదురుగా ఉన్న మనిషిని అడగలేదు.

ఆ పూట సెక్రటరీ గారు, అంటే డ్రాయింగు మాస్టారుగా రిటైరైన పెద్దాయన, భోజనానికి వెళ్లారు. హాల్లో వీళ్లిద్దరే. ఫ్లాస్కులో మిగిలిన టీ పంచుకుని, నేల మీద గోడకు ఆనుకుని కూర్చున్నారు. టీ చల్లారిపోయింది. అయినా తాగారు.

"నాన్న బొమ్మలేవీ మిగల్లేదండీ," అన్నాడతను. "అమ్మ వాడేసింది."

"వాడేయడమేంటి?"

"రంగు పట్టిన కాన్వాసు మీద నీళ్లు నిలవవు కదా. ఒకటి వంటింటి కిటికీ పైన పందిరిలా కొట్టింది. ఒకటి డ్రమ్ము మీద కప్పింది. ఆయన ఇలా వేసేవాడు, ఆవిడ అలా కప్పేసేది. ఇదేమో మిషను కవరు. అమ్మ బట్టలు కుడుతుంది. అందుకే చుట్టూ అంచు మడిచి, పైపింగ్ కూడా వేసింది. చూశారా?"

అప్పుడు చూసిందామె. ఫ్రేము లోపల, బొమ్మ చుట్టూ సన్నటి ఎర్ర పైపింగ్. ఒక మూల మిషను నూనె మరక. ఇంకో మూల దగ్గర దగ్గరగా సూది పోట్లు.

"అంచు విప్పకుండానే ఫ్రేము కట్టారే?"

"అమ్మ కుట్టు విప్పడానికి చెయ్యి రాలేదు."

"అడగలేకపోయారా ఆవిణ్ణి?"

అతను టీ గ్లాసు పక్కన పెట్టాడు. "అమ్మకి తెలియదు. డ్రైక్లీనింగుకి ఇచ్చానని చెప్పాను. మిషను మీద ప్లాస్టిక్ షీటు కప్పి వచ్చాను."

"దొంగతనం చేశారన్నమాట."

"మా ఇంట్లోనే. అంత పెద్ద దొంగతనం కాదులెండి." నవ్వబోయి మానేశాడు. "ఆయన ఒక్క గోడకైనా ఎక్కలేదండీ. బతికుండగా ఎవరూ పిలవలేదు. అమ్మకి ఆ బొమ్మలంటేనే విసుగు. 'వీటిని గోడకు పెడితే పొయ్యి వెలుగుతుందా' అనేది. ఆవిడ తప్పేం లేదు. ఇల్లంతా ఆ మిషను మీదే నడిచింది. నాకు మాత్రం ఒక్కసారి ఆయన పేరు కింద రాసి ఉంటే చూడాలని ఉంది. తరవాత తీసుకెళ్లి మళ్లీ మిషను మీద కప్పేస్తాను. ఎవరికీ కష్టం ఉండదు."

ఆమె లేచి బొమ్మ దగ్గరికి వెళ్లింది. పై అంచున ఒకచోట కుట్టు వదులైంది. ఆ మడతను వేలితో కొంచెం ఎత్తి, "ఇలా రండి," అంది.

మడత లోపల సంతకం ఉంది. తలకిందులుగా.

అతను నిచ్చెన మెట్టు మీద కూలబడ్డాడు. "అయితే ఇన్నాళ్లూ..." అన్నాడు. గెలిచినందుకు ఆమెకు కొంచెం కూడా సంతోషం కలగలేదు.

"లేబుల్ మీద పేరేం రాయమంటారు?" అని మాత్రం అడిగింది మెల్లగా.

"రేపు చెప్తానండీ."

*

మర్నాడు సాయంత్రం ఆమె బస్సులో ఉండగా ఫోనొచ్చింది.

"బొమ్మ కొలతలు చెప్పడం మర్చిపోయాను."

"చెప్పారు."

"మళ్లీ చెప్తాను. తప్పు రాసుకుని ఉంటారు."

"పేరు సంగతి చెప్పండి ముందు."

"దాని గురించే ఆలోచిస్తున్నాను. ఆలోచిస్తుంటే నిద్రొస్తోంది. మీకు రాదా నిద్ర?"

"నాకెప్పుడూ నిద్రే. ఇంటికెళ్తే అక్క పెళ్లికొడుకుల ఫొటోలు చూపిస్తుంది. ఫోను మొహం ముందు పెట్టి 'ఇతనెలా ఉన్నాడే' అంటుంది. నాకు అందరూ ఒకేలా ఉంటారు. కిందటేడు ఒకళ్లు అంతా ఖాయం చేసుకుని, కార్డులు వేయించబోతుంటే వద్దన్నారు. అప్పట్నుంచీ అక్కకి కంగారు, నాకు అలసట."

"బాధ కాదా?"

"మొదట్లో బాధే. తరవాత అలసట. ప్రేమలూ పెళ్లిళ్లూ అంటే చాలా ఓపిక కావాలండీ. ముస్తాబవ్వాలి, నవ్వాలి, అలగాలి, అలక తీరాలి..."

"నిజమే. నాకైతే చొక్కా గుండీ ఊడితే కుట్టించుకునే ఓపిక లేదు. ఇంట్లో మిషను పెట్టుకుని."

ఆమె నవ్వింది. అతను ఏ కర్రకు ఏ పాలిష్ పట్టదో చెప్పడం మొదలుపెట్టాడు. కిటికీ అద్దం మీద సన్నగా చినుకులు. ఆ మాటల్లోనే ఎక్కడో ఆమె నిద్రలోకి జారిపోయింది.

"దిగండి!" చెవి దగ్గర కేక వినిపించి ఉలిక్కిపడింది. "మీ స్టాపు వచ్చింది. కండక్టరు అరుస్తున్నాడు. నిన్న ఆ పేరే కదా చెప్పారు? దిగండి, దిగండి!"

బ్యాగు, గొడుగు, చెప్పులు అన్నీ వెతుక్కుంటూ దిగింది. బస్సు వెళ్లిపోయాక చెవి దగ్గర ఫోను పెట్టుకుని, "ఇంతసేపూ లైన్లోనే ఉన్నారా?" అంది.

"పెట్టేస్తే దాటిపోతారు కదా."

వానలో కాసేపు అలాగే నిలబడింది. గొడుగు చేతిలోనే ఉంది, తెరవాలని తోచలేదు.

*

శనివారం సెక్రటరీ గారు ఆహ్వాన పత్రికల కట్ట ఆమె చేతిలో పెట్టారు. "ప్రతి ఇంటికీ మనిషి వెళ్లి పిలవాలమ్మా. బతికుండగా ఎలాగూ పిలవలేదు."

"ఫ్రేములతని ఇంటికి వద్దు సార్. వెళ్లొద్దన్నాడు, అతనే చెప్పుకుంటాడట."

"అదేం మాట! ఆ ఇల్లాల్ని పిలవకపోతే ఎలా? ముందక్కడికే వెళ్లు."

పత్రిక ఇచ్చి, రెండు ముక్కలు మాట్లాడి, కవరు సంగతి ఎత్తకుండా వచ్చేద్దామనుకుంది. చిక్కంతా కిటికీ పక్కనే మొదలైంది. అక్కడే మిషను, దాని మీద ప్లాస్టిక్ షీటు, ముందు స్టూలు మీద అతని తల్లి. కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. ఒళ్లో ఎవరిదో కర్టెను.

"ఎగ్జిబిషనా?" అందావిడ పత్రికను దూరంగా పట్టుకుని చదివి. "అందరూ పోయినవాళ్లేనా ఇందులో?"

"అవునండీ."

"మరి బొమ్మలు ఎవరిస్తారు?"

"వాళ్ల వాళ్ల ఇళ్లవాళ్లే."

"మా ఇంట్లో బొమ్మ ఎక్కడుంది? నేను ఒక్కటీ మిగల్చలేదే!" అని ఆవిడ నవ్వబోయింది. నవ్వు మధ్యలో ఆగింది. చూపు తిన్నగా ప్లాస్టిక్ షీటు మీదికి వెళ్లింది. అక్కణ్ణుంచి ఈ అమ్మాయి మొహం మీదికి.

అబద్ధమాడాలని చాలా ప్రయత్నించింది. ప్రయత్నం కూడా మొహంలో కనిపించి ఉంటుంది.

"డ్రైక్లీనింగన్నాడే!" అంది తల్లి. "నా కవరు గోడకెక్కించాడా?"

"కోప్పడకండి. ఆయన..."

"కోపం కాదమ్మాయ్. ఆ మాట నన్నడిగితే నోటి ముత్యాలు రాలతాయా? ఆ తండ్రీ అంతే, ఈ కొడుకూ అంతే. మనసులో ఉన్నది బయటికి రాదు. రేపు నేనే వస్తాను. నా గుడ్డ నేను తెచ్చుకుంటాను."

సాయంత్రం ఫోనొచ్చింది. ఈసారి కొలతల గురించి కాదు.

"మీ నోట్లో నువ్వుగింజ నానదా?"

"నేనేం చెప్పలేదు. ఆవిడే కనిపెట్టారు."

"ఎందుకెళ్లారసలు? ఒక్కటే అడిగాను మిమ్మల్ని. వెళ్లొద్దన్నాను. రేపు అందరి ముందూ అమ్మ దాన్ని గోడ మీంచి దింపించుకుని వెళ్తుంది. ఆయనకి ఆ ఒక్క పూట కూడా లేదన్నమాట."

ఆమె "క్షమించండి" అనేలోపే అతను ఫోన్ పెట్టేశాడు. ఆరోజు బస్సులో నిద్ర రాలేదు. స్టాపులో తనంతట తానే దిగింది. అలా దిగడం చాలా ఒంటరిగా అనిపించింది.

*

ఆదివారం పొద్దుట్నుంచి ముసురు. హాలు గుమ్మం పైన 'దివంగత చిత్రకారులు' అని బ్యానరు, కింద తడి గొడుగుల వరస. లోపల జనం గుసగుసగా మాట్లాడుతూ బొమ్మ నుంచి బొమ్మకు జరుగుతున్నారు.

ఆ బొమ్మ ఇప్పుడు తిరిగి ఉంది. గొడుగులు పైన, జనం కింద. పై అంచునుండే ఆ వదులు కుట్టు ఇప్పుడు కింద ఉంది. అక్కడ నాలుగు వేళ్ల మేర విప్పి, సంతకం కనిపించేలా మడత తీశాడు. మిగతా అంచంతా తల్లి కుట్టినట్టే ఉంచాడు. కింద లేబుల్లో చిత్రకారుడి పేరుంది. బొమ్మ పేరు చోట మాత్రం ఖాళీ.

అతను పక్కనే స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా. పైగుండీ లేదు.

"మీరే తిప్పారా?" అంది.

"సంతకం కింద ఉండాలి కదా." ఆమె వైపు చూడకుండా, "నిన్న ఎక్కువ మాట్లాడాను," అన్నాడు.

"తక్కువే మాట్లాడారు. మీ స్థాయికి అది ఎక్కువ."

అతను ఏదో అనబోయాడు. అప్పుడే గుమ్మంలో తల్లి కనిపించింది. చేతిలో గుడ్డ సంచి, మడిచి పట్టుకుంది. కవరు తీసుకెళ్లడానికే వచ్చిందని ఆ సంచి చూస్తేనే తెలుస్తోంది.

గొడుగు గుమ్మంలో పెట్టి, ఆవిడ గోడ వెంట నడుచుకుంటూ వచ్చింది. ఒక్కో బొమ్మనూ చూసింది. కొడుకు ముందు నుంచే ఆ బొమ్మను కూడా చూసి, దాటి ముందుకు వెళ్లిపోయింది. చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"ఏదిరా నా గుడ్డ?"

అతను చూపించాడు.

"ఇదా? ఇది కాదు. మనది కప్పుల బొమ్మ కదా."

"ఇదేనమ్మా. నూనె మరక చూడు. నీ సూదులు గుచ్చిన మూల చూడు."

ఆవిడ కళ్లద్దాలు పైకి తోసుకుంది. పైపింగ్ చూసింది. మరక చూసింది. తరవాత తలను ఒక పక్కకి వంచి, ఇంకా వంచి, చెయ్యి నడుముకు పెట్టుకుని దాదాపు సగం వంగిపోయి చూసింది. పక్కనున్నవాళ్లు తప్పుకుని దారిచ్చారు.

మెల్లగా నిటారుగా నిలబడింది.

"గొడుగులా!"

కొడుకు తలూపాడు.

"ఇది తెచ్చినరోజు నేనెంత తిట్టానో తెలుసా మీ నాన్నని?" గొంతు గోడతో మాట్లాడుతున్నట్టుంది. "నా స్టూలు మీంచి నాకు తలకిందులుగా కనిపించింది. ఇంట్లో చెవి విరగని కప్పు ఒక్కటి లేదు, మీరేమో వరస పెట్టి కప్పులు గీసుకొచ్చారా అన్నాను. ఏమన్నారో తెలుసా? 'ఇవి కడగక్కర్లేదు కదా' అన్నారు. నవ్వారు. తరవాత కూడా ఎప్పుడు విసుక్కున్నా కప్పులనే అన్నాను. ఒక్కసారి, ఒక్కసారైనా కాదు గొడుగులు అని చెప్పొచ్చు కదా ఆ మనిషి!"

కొడుకు తల్లి భుజం మీద చెయ్యి వేశాడు. ఆవిడ ఆ చెయ్యి తీసెయ్యలేదు.

"చెప్తే నేను వినేదాన్నా," అంది చిన్నగా. "అందుకే చెప్పలేదేమో. లేకపోతే నేనన్న కప్పులు కూడా ఆయనకి బాగానే ఉన్నాయేమో."

సెక్రటరీ గారు వచ్చి నమస్కారం పెట్టారు. "అమ్మా, ఈ చిత్రానికి మీరే పేరు చెప్పాలి. 'వానలో గొడుగులు' అని రాద్దామా?"

"కప్పులు," అందావిడ.

"ఏమిటమ్మా?"

"కప్పులు అని రాయించండి. ఇంట్లో దాని పేరదే. ఆయన కాదనలేదు."

"కానీ చూసేవాళ్లు..."

"మెడ వంచి చూసుకుంటారు. నేను వంచలేదూ?"

లేబుళ్లమ్మాయి పెన్ను తీసి, గోడకు ఆనించి, ఖాళీ చోట పెద్ద అక్షరాలతో రాసింది. రాస్తుంటే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. నిద్రలేక అనుకుంది.

తల్లి సంచిని ఇంకొంచెం చిన్నగా మడిచి చంకలో పెట్టుకుంది. "ఉండనీరా. ఎన్నాళ్లుంచుతారో అన్నాళ్లూ ఉండనీ."

"మరి నీ మిషను?"

సెక్రటరీ గారికి ఉత్సాహం వచ్చింది. "మా బ్యానరు గుడ్డ ఇంకోటి మిగిలింది. గట్టి గుడ్డ. అది తీసుకెళ్లండమ్మా."

"దాని మీద 'దివంగత' అని ఉంది కదండీ!" అంది తల్లి. "నా మిషను ఇంకా బతికే ఉంది. దానికొద్దు."

నలుగురూ ఒక్కసారి నవ్వారు. అందరి మధ్యా అలా నవ్వినందుకు మళ్లీ సర్దుకున్నారు. తల్లి ఆ అమ్మాయిని ఒకసారి, కొడుకును ఒకసారి చూసింది. చూపు చొక్కా పైగుండీ దగ్గర ఆగింది.

"అమ్మాయ్, నేను కాసేపు ఈ బొమ్మ ముందు బెంచీ మీద కూర్చుంటాను. ఈయన్ని ఇంకా చూడాలి. వీణ్ణి నువ్వు బయటికి తీసుకెళ్లు. నిన్నట్నుంచీ వీడు ఫోను చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నాడు. ఎవరికో ఏదో చెప్పాలట. ఏరా, చెప్తావా? లేక మీ నాన్నలా ఇదీ బొమ్మలో పెట్టి నన్ను కప్పుకోమంటావా?"

వరండాలో వాన జోరైంది. ఇద్దరూ మెట్ల పైన, చూరు కింద నిలబడ్డారు. ఎదురుగా రోడ్డు మీద గొడుగులు వెళ్తున్నాయి. ఎరుపు, నీలం, ఒకటి పసుపు.

"చెప్పండి," అందామె.

"చెప్తాను. నాకు తిప్పి తిప్పి చెప్పడం రాదు."

"సూటిగానే చెప్పండి. నాకూ తిప్పి తిప్పి వినే ఓపిక లేదు."

అతను రోడ్డు వైపే చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నిన్న సాయంత్రం ఫోన్ పెట్టేశాక, మీరు స్టాపు దాటిపోయి ఉంటారేమోనని భయమేసింది. మళ్లీ చేద్దామంటే మొహం చెల్లలేదు. నిద్ర పట్టలేదు. నాకు నిద్ర పట్టకపోవడం అనేది చాలా పెద్ద విషయమండీ."

"ఊఁ."

"రోజూ మీరు దిగేదాకా లైన్లో ఉండాలని ఉంది. పోట్లాడినరోజు కూడా. ముస్తాబులూ అలకలూ నాకు చేతకావు. ఇదొక్కటీ చేయగలను. మీకిష్టమైతే."

ఆమె రోడ్డు మీది గొడుగుల్ని చూసింది. అక్క చూపించిన ఫొటోల్లో ఒక్క మొహమూ ఇప్పుడు గుర్తులేదు. ఒళ్లంతా పట్టి ఉన్న అలసట అలాగే ఉంది. కాకపోతే దాన్ని దించుకుని కూర్చోవడానికి ఒక చోటు దొరికినట్టుంది.

"అదీ ఓపికేనండీ," అంది. "అంతసేపు లైన్లో ఉండడం."

"ఉందన్నమాట నా దగ్గర."

"ఉంది. ఇంకో మాట. ఆ పైగుండీ కుట్టించుకోండి. రేపు మా అక్క మిమ్మల్ని చూస్తుంది."

అతను గుండీ లేని చోట చెయ్యి పెట్టుకుని, అర్థం కావడానికి కాసేపు పట్టినట్టు, ఆమె వైపు తిరిగి చూశాడు.

"అంటే మీరు..."

"రేపు చెప్తానండీ," అంది ఆమె, నవ్వుతూ.

లోపల్నుంచి తల్లి గొంతు వినిపించింది. ఎవరో పిల్లకు చెప్తోంది: "అలా కాదమ్మా, మెడ ఇటు వంచు. ఇంకా వంచు. ఆఁ, కనిపించాయా కప్పులు?"